నడవమని ఎవరికి చెప్పాలి?

వైద్యురాలు: అన్నా, ఊరు మారిన మనిషికి ఒళ్లు కూడా మారుతుంది. పుంగనూరు, కుప్పం, తంబళ్లపల్లె పక్క పల్లెల నుంచి పని వెతుక్కుంటూ తిరుపతికొచ్చి కొర్లగుంటలోనో జీవకోనలోనో ఒక్క గది అద్దెకు తీసుకున్న కుటుంబాన్ని చూడండి. ఒడిశా నుంచో బీహార్ నుంచో రేణిగుంటకు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు వచ్చిన కుటుంబాన్ని చూడండి. వచ్చిన కొన్నేళ్లకే తిండి మారుతుంది, నిద్ర మారుతుంది, పిల్లల ఆట మారుతుంది. చక్కెర జబ్బో రక్తపోటో ఒంట్లో చేరాక చెప్పడం కంటే, వచ్చిన మొదటి ఏడే కూర్చోబెట్టి చెప్పాలన్నది నా మాట. ఏం తినాలి, ఉప్పు ఎంత, నూనె ఎంత, రోజూ ఎంతసేపు నడవాలి అని. 2023లో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ లెక్క ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా చక్కెర జబ్బుతో ఉన్నారు. వాళ్లందరికీ జీవితాంతం మందులిస్తూ పోయే శక్తి ఏ ఆసుపత్రికీ లేదు. అందుకే ప్రచారం కావాలి, అదీ వలస కుటుంబాల్లో ముందుగా.

కార్మిక నాయకుడు: ఎవరికి చెబుతారు డాక్టరమ్మా? శ్రీసిటీలో ఫోన్లు బిగించే లైనులో ఉండే ఆడపిల్లకా? తెల్లారకముందే బస్సెక్కి, షిఫ్టు అయిందాకా నిలబడి, మళ్లీ బస్సెక్కి హాస్టలుకు చేరితే, ఆ గదిలో మంచమంత చోటే ఆమెది. వచ్చే వారం షిఫ్టు మారితే పగలే పడుకోవాలి. ఆమెను పట్టుకుని వారానికి 150 నిమిషాలు నడవమ్మా అంటే తల ఊపుతుంది. ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేదు గనుక ఊపుతుంది. మీరు మంచి మాట చెప్పామనుకుంటారు, ఆమె ఇంకో పని నెత్తిన పడిందనుకుంటుంది.

వైద్యురాలు: ఆ 150 నిమిషాలు నేను పెట్టిన లెక్క కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టింది. ఒకేసారి నడవాలని కూడా లేదు, పది నిమిషాల చొప్పున నడిచినా లెక్కలోకి వస్తుంది. మన దగ్గర చాలామంది అనుకునేది ఒకటుంది, కష్టం చేసేవాళ్లకు కసరత్తు ఎందుకని. మీరు కూడా అదే అంటున్నట్టుంది.

కార్మిక నాయకుడు: అంటాను. రోజంతా ఒళ్లు వంచినవాడికి మళ్లీ వ్యాయామం చెప్పడం నాకు న్యాయంగా కనిపించదు.

వైద్యురాలు: న్యాయం సంగతి తర్వాత చూద్దాం, ముందు గుండె సంగతి చూద్దాం. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో లక్ష మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. తీరిక వేళల్లో నడిచేవాళ్లకు, ఆడేవాళ్లకు గుండె జబ్బులు తగ్గాయి. పనిలో ఎక్కువ శారీరక శ్రమ చేసేవాళ్లకు మాత్రం గుండెపోట్లు, మరణాలు పెరిగాయి. కారణాలు వెతికితే అర్థమవుతుంది. గంటల తరబడి ఒకే తీరున నిలబడడం, బరువులు ఎత్తడం, మధ్యలో విశ్రాంతి లేకపోవడం వల్ల రక్తపోటు రోజంతా ఎక్కువగానే ఉండిపోతుంది. నడకలో గుండె కాసేపు వేగంగా కొట్టుకుని మళ్లీ తేరుకుంటుంది. కాబట్టి లైనులో ఎనిమిది గంటలు నిలబడిన పిల్ల ఆ రోజు వ్యాయామం చేసినట్టు కాదు. ఆమెకు ఇంకా అవసరం.

కార్మిక నాయకుడు: మీరు నా వాదన మీరే గెలిపించారు. ఆ పని ఆమె గుండెకు చేటు చేస్తోందని మీ లెక్కే చెబుతోంది. మరి మందు ఎవరికి రాయాలి? చేటు చేసే పనికా, చేటు జరిగిన మనిషికా? నిలబడి చేసే పనిలో మధ్యమధ్య కూర్చోవడానికి వసతి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. ఆ వసతి అడగాల్సిన చోట మీరు ఆమె తీరిక వేళలో వాటా అడుగుతున్నారు.

వైద్యురాలు: రెండూ అడుగుతాను. ఒకటి మీ చేతిలో ఉంది, ఒకటి నా చేతిలో ఉంది.

కార్మిక నాయకుడు: అక్కడే తేడా వస్తోంది. మీరు చెప్పింది ఆమె చేయకపోతే రేపు ఆ నేరం ఆమె మీదకు పోతుంది. చెప్పాం కదా, వినలేదు అంటారు.

వైద్యురాలు: ఆ మాట మా వృత్తిలో వినబడుతుంది, కాదనను. అనకూడని మాట అది. కానీ ఇంకో సంగతి వినండి, ఇది రాయలసీమ వాళ్లందరూ తెలుసుకోవాల్సింది. పుణేలో యాజ్ఞిక్ అనే డాక్టరు, లండన్‌లో యుడ్కిన్ అనే డాక్టరు ఇద్దరూ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క కడితే ఇద్దరికీ ఒకటే, 22.3. చూడడానికి ఇద్దరూ సన్ననివాళ్లే. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అంటే మనవాళ్లు పైకి సన్నగా ఉన్నా లోపల కొవ్వు పట్టి ఉంటుంది, కండ తక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిండి చాలక తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు తర్వాత తిండి దొరికే చోటికి వెళ్తే చక్కెర జబ్బు త్వరగా పట్టుకుంటుందని యాజ్ఞిక్ వాళ్లు పుణే చుట్టుపక్కల పల్లెల్లో దశాబ్దాల పాటు చూశారు. ఇప్పుడు మన సంగతి ఆలోచించండి. వానల్లేని ఏడు, చెనక్కాయ పంట ఎండిన ఏడు పుట్టిన బిడ్డ ఇరవై ఏళ్లకు తిరుపతికొచ్చి మూడు పూటలా తెల్లన్నం, సాయంత్రం బేకరీ పఫ్ తింటుంది. బరువు పెరగలేదు కదా అని ఆమె ధైర్యం. ఆ ధైర్యమే ప్రమాదం. ఈమెకు చెప్పకుండా ఊరుకోమంటారా?

కార్మిక నాయకుడు: ఊరుకోమనను. ఇది నాకు కొత్త సంగతి, గట్టి సంగతి. కానీ దీన్నే నేను ఇంకో పక్క నుంచి చూస్తాను. 1876లో మొదలైన ధాత కరువు దగ్గర్నుంచి 1950ల మొదట్లో సీమంతా గంజి కేంద్రాలు తెరిచిన రోజుల దాకా, ఆ తర్వాత చెరువులు పూడిపోయి బోర్లు ఎండిపోయిన ఏళ్ల దాకా, ఇక్కడి తల్లులు తక్కువ తిని బిడ్డల్ని కన్నారు. ఆ లోటు ఒంట్లో ఉండిపోయిందంటున్నారు. ఆ లోటు వాళ్లు చేసింది కాదు. తీర్చే భారం మాత్రం వాళ్లే మోయాలా, నడిచి, నోరు కట్టుకుని?

వైద్యురాలు: కరువుకు బాధ్యులు ఎవరైనా, చక్కెర పెరిగితే చూపు పోయేది ఆమెకే. పోయిన వందేళ్లకు నేను వైద్యం చేయలేను. రేపటికి చేయగలను.

కార్మిక నాయకుడు: సరే, తిండి దగ్గరికి రండి. ఏం తినమంటారు?

వైద్యురాలు: తాతలు తిన్నదే తినమంటాను. రాగిసంగటి, అలసందల పులుసు, ఎనిపిన ఆకుకూర పప్పు, కార్తీకం దాటాక అనపగింజల పితికిపప్పు, మజ్జిగ. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు మించి సున్నం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. పీచు ఉంటుంది. కొత్తగా నేర్పాల్సిన పని లేదు, గుర్తు చేస్తే చాలు.

కార్మిక నాయకుడు: సంగటి తిన్న కాలంలో అందరూ ఉక్కుముక్కల్లా ఉన్నారన్న మాట నేను ఒప్పుకోను. ఆ సంగటి కూడా ఒక పూటే దొరికిన ఇళ్లు నాకు తెలుసు. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు, పండగ నాడే అన్నం చూసిన కూలి ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. మా అమ్మ దాన్ని తిండి మారడం అనుకోలేదు, మర్యాద దొరకడం అనుకుంది. ఇప్పుడు ఆ అన్నాన్ని జబ్బు అని మీరంటే ఆ తరం మనసు నొచ్చుకుంటుంది.

వైద్యురాలు: ఆ మాట నేనూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆకలి తీర్చిన బియ్యాన్ని తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. రాగి పేరు చెప్పి పెద్ద ముద్ద లాగిస్తే చక్కెర తగ్గదు, అదీ పిండిపదార్థమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బియ్యం, గోధుమ, రాగి, జొన్న అన్నీ కలిపినా రోజు తిండి శక్తిలో 45 శాతం దాటొద్దంది. మిగతాది పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు, గింజలు, పండ్ల నుంచి రావాలి. కాబట్టి బియ్యం మానమని చెప్పడం కన్నా పప్పు, ఆకుకూర పెంచమని చెప్పడం నా అసలు పని.

కార్మిక నాయకుడు: పప్పు ధర తెలుసా మీకు? రేషన్‌లో మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా వస్తుంది. మిగతాది చాలావరకు అంగట్లో కొనాలి. వలసవచ్చినవాళ్ల సంగతి ఇంకా ఇరకాటం. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అని 2019 ఆగస్టులో ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మన రాష్ట్రం, తెలంగాణ ఉన్నాయి. చాలా మంచి పని. కానీ వేరే రాష్ట్రం కార్డు మీద ఇక్కడ దక్కేది కేంద్రం ఇచ్చే ధాన్యం వరకే. ఒడిశా వాళ్ల విషయమే చూడండి. కొరాపుట్ పక్క జనం మనలాగే రాగులు తినేవాళ్లు, వాళ్లు మండియా అంటారు. 2017లో అక్కడ మిల్లెట్స్ మిషన్ మొదలై, ఆ జిల్లాల రేషన్ అంగళ్లలో రాగులు ఇచ్చారు. ఆ కుటుంబం పని కోసం ఇక్కడికొస్తే చేతికొచ్చేది ఎక్కువగా బియ్యమే. సొంత ఊళ్లో రాగులు తిన్న మనిషికి ఇక్కడ మీరు రాగులు తినమని పాఠం చెబుతారు.

వైద్యురాలు: ఇది నాకు తగిలింది. నిజమే, ఒడిశా తల్లికి ముందు అడగాల్సింది, ఊళ్లో ఏం తినేవారమ్మా అని. బీహారువాళ్లకు శనగల సత్తు ఉంది, అది మంచి మాంసకృత్తుల తిండి, పొయ్యి కూడా అక్కర్లేదు. వాళ్ల దగ్గర ఉన్నది మనకు తెలియకుండా మన సంగటి వాళ్ల నెత్తిన పెడితే అది ప్రచారం కాదు, పెత్తనం. ప్రచారానికి వెళ్లేవాళ్లలో ఒడియా, హిందీ మాట్లాడే ఆడవాళ్లు ఉండాలి. వాళ్లలోంచే రావాలి.

కార్మిక నాయకుడు: పొయ్యి మాటెత్తారు. సంగటి కెలకడం మీరు చూశారో లేదో. నూకలు ఉడికించి, పిండి పోసి, సంగటి కట్టెతో ఉండ కట్టకుండా గిరగిరా తిప్పాలి. భుజం బలం కావాలి, పెద్ద గిన్నె కావాలి, అన్నిటికంటే సొంత పొయ్యి కావాలి. హాస్టల్ గదుల్లో వంట కుదరదు. అద్దె గదుల్లో ఒక్క చిన్న స్టవ్వు మీద ఇద్దరు షిఫ్టులకు వెళ్లేవాళ్లకు అన్నం, పిల్లలకు పాలు కావాలి. ఇంట్లో ఆడమనిషి కూడా పనికి వెళ్తోంది. మీ ఆరోగ్య ప్రచారం ఎవరి చేతుల మీదుగా జరుగుతుంది? ఆమె చేతుల మీదుగానే. మగవాడికి చక్కెర వస్తే ఆమె వేరే వంట చేయాలి, ఆమెకే వస్తే తనకంటూ వేరే వండుకోదు.

వైద్యురాలు: అందుకే మగవాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. వంట, కూరగాయలు తరగడం, పిల్లల్ని ఆటకు తీసుకెళ్లడం వాళ్లకు చెప్పాలి. మీ సంఘం సమావేశాల్లో ఎప్పుడైనా ఈ మాట వచ్చిందా?

కార్మిక నాయకుడు: రాలేదు. వేతనం, బోనస్, తొలగింపులు. వంటింటి మాట రాలేదు.

వైద్యురాలు: పిల్లల మాట వచ్చిందా? బడి వదిలాక గదిలో పెట్టి, ఫోను ఇచ్చి, తలుపు దగ్గరికి వేసి పనికి వెళ్తున్నారు. పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్లలసిపోయే ఆట కావాలి. దాని బదులు చేతికి దొరికేది పది రూపాయల చిప్స్ పొట్లం. శ్రీసిటీలో చాక్లెట్లు చేసే ఫ్యాక్టరీ ఉంది, కూల్‌డ్రింకులు చేసే ఫ్యాక్టరీ ఉంది, డబ్బాల్లో అమ్మే అటుకుల్లాంటి తిండి చేసే ఫ్యాక్టరీ ఉంది. తల్లి చేతులు తయారుచేసిందే బిడ్డకు తినాలని ఉంటుంది. 2023 మార్చి నుంచి మన బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ పెట్టారు. ఆ జావ తాగిన పిల్లాడు సాయంత్రం పొట్లం తింటే సగం ఫలితం పోయినట్టే.

కార్మిక నాయకుడు: తలుపు వేసి వెళ్లేది ప్రేమ లేక కాదు. కొత్త ఊరు, పక్కింటివాళ్లు ఎవరో తెలియదు, వీధి దాటితే లారీలు. పల్లెలో అయితే అవ్వ చూసేది. పొట్లం సంగతీ అంతే. రోజంతా బిడ్డకు దూరంగా ఉన్న తల్లి సాయంత్రం చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేదు. ఆట కావాలంటే బడి మైదానాల గేట్లు సాయంత్రం తెరిచి పెట్టండి, ఒక మనిషిని కాపలా పెట్టండి. ఫలానా పిల్లాడు లావయ్యాడని తల్లిని మందలించే బదులు ఆ తాళం తీయించండి.

వైద్యురాలు: మైదానం సంగతిలో మీతో నూటికి నూరు పాళ్లు ఉన్నాను. పొద్దున ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో నడిచేవాళ్లను చూస్తాను. ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, వ్యాపారులు. కొర్లగుంట నుంచి, ఆటోనగర్ నుంచి వచ్చిన కూలి ఇంటి ఆడమనిషి అక్కడ కనబడదు. కానీ తిరుపతిలో నడవడానికి చోటు లేదని మాత్రం అనకండి. అలిపిరి నుంచి తిరుమల దాకా 3,550 మెట్లున్నాయి, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, రూకా ఖర్చు లేదు. నెలకోసారి కుటుంబమంతా ఎక్కితే ఒంటికీ మంచిది, మనసుకూ మంచిది.

కార్మిక నాయకుడు: మన తిరుపతివాళ్లకు అది తెలిసిన దారే. కానీ బీహార్ నుంచి వచ్చిన ముసల్మాను కుటుంబానికి ఆ దారి మీరు చూపించగలరా? అది మొక్కుకున్నవాళ్లు ఎక్కే దారి, వాకింగ్ బాట కాదు. నెలకు నాలుగు ఆదివారాలుంటే రెండింటికి ఓవర్‌టైమ్, ఒకటి బట్టలకు, ఒకటి నిద్రకు. మీ మాట కాదనడం కాదు డాక్టరమ్మా, ఆ కుటుంబం వారం ఎలా గడుస్తుందో చూసి చెప్పండి అంటున్నాను.

వైద్యురాలు: వారం ఎలా గడుస్తుందో చూసే ఇంకో మాట చెబుతున్నాను. మన చిత్తూరు పల్లెల్లో పండరిభజన ఉంది, చెక్కభజన ఉంది, కోలాటం ఉంది. రాత్రి రెండు గంటల సేపు ఆడవాళ్లు, మగవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ లేస్తూ ఆడతారు. చెమట కారుతుంది, ఎవరూ దాన్ని వ్యాయామం అనరు. ఊరొదిలి వచ్చిన పల్లెవాళ్లు కాలనీలో మళ్లీ ఆ జట్టు కడితే సగం పని అయినట్టే. ఒడిశావాళ్లకు వాళ్ల ఆటలున్నాయి, బీహారువాళ్లకు వాళ్ల పాటలున్నాయి. ఒంటరిగా పార్కులో నడవడానికి సిగ్గుపడే ఆడమనిషి పదిమందితో కోలాటానికి వస్తుంది. కొత్త ఊళ్లో ఆ పదిమందీ తనకు తెలిసినవాళ్లవుతారు. పిల్లల్ని చూసుకోవడానికి కూడా అప్పుడు ఒక మనిషి దొరుకుతుంది.

కార్మిక నాయకుడు: ఇది నాకు నచ్చింది. దీనికి కావాల్సిందల్లా ఒక దీపం, ఒక చదును నేల. దీన్ని నేను ఆపను, చేతనైతే వస్తాను.

వైద్యురాలు: అయితే ఇంకొకటి వినండి. మీరు కూలి పెరగాలి, పని గంటలు తగ్గాలి, ఇల్లు కావాలి, అప్పుడు ఆరోగ్యం అదే వస్తుంది అంటున్నారు. రాలేదు అన్నా. మన పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు డబ్బు పంపుతున్నారు, ఇక్కడి ఇళ్లు పక్కా అయ్యాయి, ఫ్రిజ్ వచ్చింది. ఆ ఇళ్లలో చక్కెర జబ్బు ఆగలేదు. అమెరికా వెళ్లిన మన పిల్లల సంగతి చూడండి. మంచి జీతం, ఇంటి పక్కనే పార్కు, పెద్ద వంటగది, వారానికి రెండు రోజుల సెలవు. అయినా దక్షిణాసియా నుంచి వెళ్లినవాళ్లకు చక్కెర జబ్బు, గుండె జబ్బు మిగతావాళ్ల కంటే ముందే వస్తున్నాయని, ఎందుకో తేల్చడానికి 2010లో మసాలా అనే పేరుతో అక్కడ పెద్ద అధ్యయనమే మొదలుపెట్టారు. అమెరికా డయాబెటిస్ సంఘం 2015లో ఆసియా మూలాలున్నవాళ్లకు పరీక్ష చేయాల్సిన గీటును ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో 25 నుంచి 23కు దించింది. డబ్బు, తీరిక, చోటు అన్నీ ఉన్నా తెలియకపోతే జబ్బు వస్తుంది. చెప్పడం అవసరమని దీనికంటే ఏం రుజువు కావాలి?

కార్మిక నాయకుడు: ఇది నా వాదనకు దెబ్బే, కాదనను. కూలి ఒక్కటే సరిపోదు. మా సంఘంలో కూడా జీతం పెరిగినవాళ్లు మొదట కొనేది బైకు, తర్వాత ఆగిపోయేది నడక. అది చూస్తూనే ఉన్నాను. కానీ అమెరికాలో ఆ పిల్లాడికి ముప్పై అయిదో ఏట రక్తపరీక్షలో జబ్బు బయటపడుతుంది. ఇన్సూరెన్స్ ఉంది, డాక్టరు ఉన్నాడు, జాగ్రత్త పడతాడు. ఇక్కడ లైను మనిషికి ఎప్పుడు తెలుస్తుంది? కాలి పుండు మానకపోతే తెలుస్తుంది. ఇద్దరికీ వచ్చింది ఒకే జబ్బు, ఇద్దరి గతి మాత్రం ఒకటి కాదు. ముప్పై దాటిన అందరికీ ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. మంచిదే. ఆరోగ్య కార్యకర్త పగలు వస్తుంది, అప్పుడు వలస కుటుంబం గదికి తాళం ఉంటుంది. ఆమె రిజిస్టర్‌లో వీళ్ల పేరే ఉండదు, ఆధార్ ఇంకో ఊరిది. చెప్పడం కంటే ముందు లెక్కలోకి తీసుకోవడం కావాలి.

వైద్యురాలు: ఆ పరీక్షలు రాత్రి ఎనిమిదికి, ఆదివారం పెట్టాలని నేను ఎన్నోసార్లు అన్నాను. మళ్లీ అంటాను. కానీ అన్నా, లెక్కలోకి వచ్చేదాకా ఆగిన జనం ఎవరో, ఆగని జనం ఎవరో కూడా చూడాలి. శ్రీసిటీ నుంచి చెన్నై వైపు వెళ్తే తమిళనాడు గుమ్మిడిపూండిలో శ్రీలంక శరణార్థుల శిబిరం ఉంది. యుద్ధానికి ఇల్లూ ఊరూ వదిలి వచ్చినవాళ్లు. ప్రభుత్వం ఇచ్చే చిన్న భత్యం, బియ్యం మీద మొదలుపెట్టిన బతుకులు. 1984లో ఆ శరణార్థులే చంద్రహాసన్ అనే ఆయన నాయకత్వంలో ఆఫర్ అనే సంస్థ పెట్టుకున్నారు. వాళ్లలో వాళ్లే ఆరోగ్య కార్యకర్తలను తయారుచేసుకున్నారు. పిల్లల బలహీనతకు స్పిరులినా అనే నాచును పెంచి తినిపించారు. పౌరసత్వం వచ్చాక చూద్దాంలే అనుకోలేదు. వాళ్లకంటే హక్కులు లేనివాళ్లు ఎవరున్నారు?

కార్మిక నాయకుడు: వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ మీరు చూసిందీ నేను చూసిందీ వేరు. అక్కడ బయటినుంచి ఎవరూ వచ్చి పాఠం చెప్పలేదు, వాళ్లే తమకు తాము చేసుకున్నారు. అందుకే నిలబడింది. ఇంకో పక్క, అంత చేసినా దశాబ్దాల పాటు ఇరుకు రేకుల గుడిసెల్లోనే ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వం 2021లో 317 కోట్ల రూపాయలు ప్రకటించి, కొత్త ఇళ్లు కడతామని, భత్యం కుటుంబ పెద్దకు నెలకు 1,500 రూపాయలకు పెంచుతామని అనాల్సి వచ్చింది. నాచు బిడ్డకు బలం ఇచ్చింది, ఇల్లు ఇవ్వలేదు. ఇల్లు కోసం ప్రభుత్వమే కదలాల్సి వచ్చింది.

వైద్యురాలు: ఇల్లు వచ్చేదాకా బిడ్డ బతికి ఉండాలి కదా అన్నా. నేను మాట్లాడుతున్నది ఆ మధ్యకాలం గురించి.

కార్మిక నాయకుడు: ఆ మధ్యకాలమే ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు అయిపోతోంది డాక్టరమ్మా. నా భయం అదే. సలహా తేలిక, ఖర్చు లేదు, ఫొటోలు బాగా వస్తాయి. గేటు ముందు ఆరోగ్య శిబిరం పెట్టి బీపీ చూసి కరపత్రం ఇచ్చిన యాజమాన్యం తన బాధ్యత తీరిందనుకుంటుంది. ఆ కరపత్రంలో నడవండి అని ఉంటుంది, కుర్చీ వేయండి అని ఉండదు.

వైద్యురాలు: ఉండేలా చేద్దాం. చట్టం మీకు నాకంటే బాగా తెలుసు. క్యాంటీన్ గురించి ఏముంది?

కార్మిక నాయకుడు: పాత ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ ప్రకారం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించే వీలుండేది. దాన్ని నడిపే కమిటీలో కార్మికుల ప్రతినిధులు కూర్చునే వీలు కూడా అందులోనే ఉండేది. 2020 నాటి కొత్త కోడ్ ఆ సంఖ్యను 100కు దించి, కాంట్రాక్టు కార్మికులను కూడా ఆ లెక్కలో చేర్చింది. వలసవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మీదే ఉంటారు కాబట్టి ఇది వాళ్లకు ముఖ్యం.

వైద్యురాలు: ఆ కమిటీలో కూర్చున్న మీ ప్రతినిధి ఏం అడుగుతాడు?

కార్మిక నాయకుడు: ధర తగ్గించమని, అన్నం ఇంకొంచెం పెట్టమని అడుగుతాడు.

వైద్యురాలు: పళ్లెంలో పప్పు చిక్కగా ఉందా, ఆకుకూర ఉందా, గుడ్డు ఉందా, కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తున్నారా, రాత్రి షిఫ్టుకు టీ బిస్కట్లు తప్ప ఇంకేమైనా ఉందా అని అడగడానికి నేను నేర్పుతాను. సంగటి కెలకడానికి గదిలో పొయ్యి లేదన్నారు. క్యాంటీన్‌లో పెద్ద పొయ్యి ఉంది. వారానికి రెండు రోజులు సంగటి, ఒక రోజు ఒడిశావాళ్ల వంట, ఒక రోజు సత్తు. ఇది ఆమె నెత్తిన పడే పని కాదు.

కార్మిక నాయకుడు: అడుగుతాం. కానీ హాస్టల్ పళ్లెం ఆ కమిటీ చేతిలో లేదు, ఆదివారం ఓవర్‌టైమ్ ఆ కమిటీ చేతిలో లేదు, అద్దె గదిలో స్టవ్వు ఆ కమిటీ చేతిలో లేదు. పళ్లెం మారితే అంతా మారిందని మీరు అనుకుంటే నేను మళ్లీ మొదటికే వస్తాను.

వైద్యురాలు: రండి. మీరు గేటు దగ్గర కొట్లాడుతున్నంత కాలం నేను ఓపీలో ఆమెకు రోజుకు ఐదు గ్రాముల ఉప్పు దాటొద్దని, ఊరగాయ తగ్గించమని, బస్సు దిగాక పది నిమిషాలు నడవమని చెబుతూనే ఉంటాను. అది ఆపమంటే ఆపను.

కార్మిక నాయకుడు: ఆపమని నేను అనను. ఒక్కటి మాత్రం అడుగుతాను, మిమ్మల్నే కాదు, తిరుపతిలో, రేణిగుంటలో, సత్యవేడులో వలస కార్మికులను చూసే ప్రతి డాక్టరునూ అడుగుతాను. మందుల చీటీ మీద నడక, ఉప్పు, నూనె రాసిన చోటే కింద ఇంకో రెండు వరుసలు రాయండి. ఈమెకు పనిలో గంటకోసారి కూర్చునే వీలు కావాలి, షిఫ్టు వారంవారం మార్చకూడదు అని. సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వండి. మీ ముద్ర ఉన్న చీటీకి యాజమాన్యం బదులు చెప్పి తీరాలి.